రాయి ముందే తాగిన నీళ్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, చలి తగ్గి మామిడి పిందె కట్టే రోజుల్లో, నన్ను గుజరాత్ నుంచి విజయవాడ ప్రాంతీయ ప్రయోగశాలకు చీఫ్ కెమిస్టుగా బదిలీ చేశారు. చమురు రంగంలో చీఫ్ కెమిస్టు అంటే పెద్ద హోదా అనుకునేరు. డ్రిల్లింగ్ వాళ్ల లెక్కలో మేము సీసాలు కడిగే బాపతు. బావి తవ్వేది వాళ్లు, బురదలో నిలబడేది వాళ్లు, హెల్మెట్ పెట్టుకుని ఫొటో దిగేదీ వాళ్లే. బావిలోంచి వచ్చిన రాయినీ నీటినీ నూనెనూ పరీక్షించి, "ఇది ఇలా ఉంది" అని కింద సంతకం పెట్టడం మా పని. ఆ సంతకం వాళ్లకు అనుకూలంగా ఉంటే మేమున్న సంగతే ఎవరికీ గుర్తుండదు. లేకపోతే మాత్రం ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

మాది మంగళగిరి. ఇంట్లో మగ్గాలుండేవి. సొంత గడ్డ మీద ఉద్యోగం చేసి రిటైరవుతానన్న సంతోషంతో చేరాను. చేరిన పూటే నా బల్ల మీద సంతకానికి సిద్ధంగా ఒక నివేదిక కనిపించింది. పరీక్షలు నేను రాకముందే పూర్తయ్యాయి. నా ముందు పనిచేసినాయన బదిలీ హడావుడిలో సంతకం పెట్టకుండా వెళ్లిపోయారు. షేల్ రాయిలో ఉన్న నూనెను బయటికి రప్పించడానికి ఎంత ఉప్పున్న నీరు వాడాలి అన్నది దాని విషయం.

ఈ షేల్ సంగతి కొంచెం చెప్పాలి. మామూలుగా నూనె ఇసుకరాయిలో దొరుకుతుంది. ఇసుకరాయి నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నూనె వాటిలోంచి కదిలి వస్తుంది. షేల్ అలా కాదు. ఏనాడో నీటి అడుగున పేరుకున్న బురద, పైన పడిన బరువుకి నలిగి, పొరలు పొరలుగా గట్టిపడిన రాయి అది. అందులో నూనె ఉంటుంది గానీ కదలదు. ఉన్నా లేనట్టే. అందుకని విపరీతమైన ఒత్తిడితో నీళ్లు పంపి ఆ రాయిని చీలుస్తారు. దాన్ని మా వాళ్లు ఫ్రాక్ జాబ్ అంటారు. చీలికల్లోకి వెళ్లిన నీళ్లు కొంత రాయిలోకి ఇంకి, లోపలున్న నూనెను బయటికి నెడతాయి.

ఉప్పు పని ఇక్కడే మొదలవుతుంది. షేల్ లోపల చిక్కుకుపోయిన పాత నీరు చాలా ఉప్పగా ఉంటుంది. రాయిలోని బంకమన్ను సన్నటి వడపోత గుడ్డలాంటిది. ఉప్పును ఆపి, నీటిని రానిస్తుంది. బయటి నీటిలో ఉప్పు తక్కువగా ఉంటే ఆ నీరు లోపలికి లాగబడుతుంది, ఎండుద్రాక్ష నీళ్లలో ఉబ్బినట్టు. అంటే ఉప్పు తగ్గే కొద్దీ నూనె ఎక్కువ రావాలి. కానీ ఇందులో ఒక తిరకాసుంది. మరీ మంచినీళ్లు తగిలితే బంకమన్ను ఉబ్బి, పొరలు విడిపోయి, ఆ ముద్దే నూనె వచ్చే దారిని మూసేస్తుంది. ఏ మోతాదు దగ్గర లాభం ఆగి నష్టం మొదలవుతుందన్నది రాయిని బట్టి మారుతుంది. ఆ రాయినే అడగాలి.

అడగడానికి ఒక పద్ధతుంది. బావిలోంచి తీసిన పొడవాటి రాతి కడ్డీని కోర్ అంటాం. గాలి తగలకుండా పొరలు చుట్టి, మైనంలో ముంచి పంపిస్తారు. అందులోంచి బొటనవేలంత ముక్కలు తొలుస్తాం, వాటిని ప్లగ్గులంటాం. ఒక్కో ప్లగ్గును ఒక్కో గాజు సీసాలో, పరీక్షించాల్సిన నీటిలో ముంచి వదిలేస్తాం. సీసా మెడ సన్నగా, గీతలు గీసి ఉంటుంది. రాయి నీటిని పీల్చుకున్న కొద్దీ నూనె ఆవగింజల్లా దాని ఒంటి మీద పుట్టి, పైకి తేలి మెడలో చేరుతుంది. రోజూ గీత చూసి రాసుకోవడమే. వారాలు పడుతుంది. ఓపిక లేనివాళ్లకి ఈ పని అచ్చిరాదు.

నా బల్ల మీదున్న నివేదిక సారాంశం ఇది: కాలువ నీళ్లలో వేసిన ప్లగ్గులు బాగా నూనె ఇచ్చాయి. బావి పక్కనే దొరికే ఉప్పు బోరు నీళ్లలో వేసినవి ఇవ్వాల్సిన దాంట్లో సగం కూడా ఇవ్వలేదు. కాబట్టి ఫ్రాక్ జాబ్‌కు కాలువ నీరు వాడాలి.

బావి చల్లపల్లి దాటాక సముద్రం వైపున్న ఒక ఊరి పొలిమేరలో ఉంది. అక్కడ ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్లే. ఎండాకాలం ముందు కాలువలు కట్టేస్తారు. కట్టేసే లోపు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటే, మళ్లీ కాలువలు వదిలేదాకా మనుషులు తాగేది ఆ నీళ్లే. కాలువకు చిట్టచివరి ఊరు కావడం వల్ల అక్కడికి చేరేదే అంతంత మాత్రం. ఫ్రాక్ జాబ్‌కు కావలసిన నీళ్లు ఒకటీ అరా ట్యాంకర్లతో అయ్యేవి కావు, దాదాపు ఆ చెరువంత కావాలి. బావికి తోడితే చెరువు నిండదు. నివేదికలో ఆ ముక్క లేదు. ఉండదు కూడా, అది రసాయనశాస్త్రం కాదు.

ఈ పని చూసే ఏరియా మేనేజరు శేషగిరిరావు గారు. చెడ్డ మనిషేమీ కాదు. ఉప్పు బోరు నీళ్లలో ఉండే కాల్షియం వగైరాలు పైపుల లోపల పెచ్చుకడతాయి, ఫ్రాక్ జాబ్‌లో కలిపే మందుల్ని పనిచేయనివ్వవు. కాలువ నీళ్లతో ఆ తలనొప్పులు తక్కువ. దానికి తోడు నూనె కూడా ఎక్కువ వస్తుందని ప్రయోగశాలే చెబుతుంటే ఆయన ఎందుకు కాదంటారు? కాలువలు కట్టేసేలోపు నీళ్లు తోడి నిల్వ చేసుకోవాలి కాబట్టి సంతకం త్వరగా కావాలని ఫోన్ చేశారు. రెండు రోజులు చూసుకోనివ్వమన్నాను.

ఆ రెండు రోజుల్లోనే ఆ ఊరి సర్పంచ్ రత్నకుమారి గారు ప్రయోగశాలకు వచ్చారు. బస్సులు మారి, ఎండన పడి వచ్చిన మనిషి. అంతకుముందు చర్చి స్కూల్లో టీచరుగా చేసేవారట. కూర్చోమంటే కూర్చున్నారు గానీ ఇచ్చిన మజ్జిగ ముట్టుకోలేదు.

"మేడమ్ గారూ, మీ కాయితం మీద సంతకం అయితే కాలవకి ఇంజన్లు పెడతారంటండీ. నిజమేనా?"

నిజమేనన్నాను.

"పోయినేడు చెరువు అడుగంటితే టాంకరు కాడ ఆడోళ్లు జుట్లు పట్టుకున్నారండీ. నేను మధ్యకెళ్తే నాకూ రెండు తగిలినియ్. ఈసారి నిండు చెరువు చూపిస్తానని మాటిచ్చానండి."

ఆమెకు ధైర్యం చెప్పాలనిపించింది. కానీ పరీక్షలో ఏది తేలితే అదే రాయాలండీ, నా ఇష్టం కాదు, అన్నాను.

"రాయి చెప్పేది మీకు వినపడిద్ది కామోసు. మాకు మాత్రం ఖాళీ బిందె మోతే వినపడిద్దండి," అని లేచి వెళ్లిపోయారు. ఆమెకు కోపం రావడం న్యాయమే అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే చిరాకు వేసింది. ఎందుకంటే కెమిస్టుకు బిందెల మోత వినపడితే కొలతలు చెడతాయని నలుగురికి పాఠం చెప్పినదాన్ని నేను.

ఆవిడ వెళ్లాక ఉప్పు నీళ్ల సీసాల్లోని ప్లగ్గులు బయటికి తీయించాను. అంకెలు చూసి సంతకం పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు. నాకు రాయిని చేత్తో పట్టుకుంటే గానీ నమ్మకం కుదరదు, అదొక జబ్బు. తీసి ఇచ్చింది డేవిడ్ రాజు గారు, మా సీనియర్ టెక్నీషియన్. గుడివాడ మనిషి, నాకన్నా సర్వీసు ఎక్కువ. గాజు సామాను ఆయన చేతిలో పగిలిందని విన్నవాళ్లు లేరు.

ప్లగ్గుల పక్కల మీద వెంట్రుకల్లాంటి సన్నటి బీటలున్నాయి. పొరల వెంట, కాజా మడతలు విడినట్టు. భూతద్దం పెట్టి చూసి, ఇవేమిటని అడిగాను.

"నీళ్లల్లో నానినియ్ కదండీ మేడమ్, ఆమాత్రం చీల్తయ్యండీ," అన్నారాయన.

చీలాల్సింది మంచినీళ్లలో వేసినవి. ఉప్పు నీళ్లు బంకమన్నును బిగించి ఉంచుతాయే గానీ విప్పవు. ఇవి విచ్చుకున్నాయి. ఆ బ్యాచీలో ఏ సీసాలోనూ వేయకుండా మిగిలిన ప్లగ్గు ఏదైనా ఉందా అని అడిగాను. ఉంది, డబ్బాలో భద్రంగా దాచి పెట్టారు. దాన్ని చూస్తే దానికీ అవే బీటలు. పరీక్షలో ఒక్క చుక్క నీరు చూడని రాయి, నీళ్లు తాగిన రాయిలా ఉంది.

వీటిని ఎక్కడ తొలిచారు, ఎలా తొలిచారు అని అడిగాను.

"మన మిషను మోటారు మధ్యలో కాలిపోయింది కదండీ. సగం ఇక్కడ తొలిచాం. మిగతాయి హనుమాన్ జంక్షన్లో గ్రానైట్ కోసే షాపుకి నేనే తీసుకెళ్లి తొలిపించానండీ. పని చాలా నీట్‌గా చేశారు," అన్నారు. దాచడానికి ఆయనకేమీ కనిపించలేదు.

మర్నాడు ఇద్దరం జీపులో వెళ్లాం. హైవే పక్కన రేకుల షెడ్డు, లారీల రొద. ఫ్లోరింగు బండలు, సమాధుల మీద పెట్టే నల్లరాళ్లు వరసగా ఆనించి ఉన్నాయి. బ్లేడు మీదా, డ్రిల్లు మీదా గొట్టంలోంచి బోరు నీళ్లు ధారగా పడుతున్నాయి. నాలిక మీద వేసుకుని చూశాను, తియ్యటి నీళ్లు. యజమాని మేము ఫిర్యాదు మీద వచ్చామేమోనని కంగారుపడ్డారు. "నీళ్లు పెట్టకుండా రాయి కోస్తే బ్లేడు నిలబడదండీ. ఎక్కడైనా అంతే," అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రపంచంలో రాయి కోసే ప్రతివాడూ నీళ్లు పోసే కోస్తాడు. డేవిడ్ రాజు గారు కూడా సర్వీసంతా ఇసుకరాయిని అలాగే తొలిచారు, ఏ ఇబ్బందీ రాలేదు. షేల్‌కు మాత్రం అది పనికిరాదు. దాన్ని చల్లటి నైట్రోజన్ గ్యాసు ఊదుతూ పొడిగానే తొలవాలి. మా మిషను మీద మొదటి సగం అలాగే తొలిచారు, ఆ మిషనుకు ఆ ఏర్పాటుంది కాబట్టి. వరస నంబర్ల ప్రకారం అవన్నీ కాలువ నీళ్ల సీసాల్లోకి వెళ్లాయి. గ్రానైట్ షాపులో తడిసినవన్నీ ఉప్పు నీళ్ల సీసాల్లోకి వెళ్లాయి. అవి సీసాలోకి రాకముందే మంచినీళ్లు తాగి, పైపైన ఉన్న నూనెను హనుమాన్ జంక్షన్‌లోనే వదిలేసుకుని, పొరలు చెడి వచ్చాయి. మేము దాన్నంతా ఉప్పు నీటి ఖాతాలో వేశాం.

తిరిగొచ్చే దారిలో డేవిడ్ రాజు గారు, "మోటారు బాగయ్యేదాకా ఆగాల్సిందండీ," అన్నారు. ఆయన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. పరీక్ష ఆగకూడదని పరిగెత్తిన మనిషి ఆయన. పని మానేసి కూర్చున్నవాడికి తప్పులెక్కడివి?

శేషగిరిరావు గారికి ఫోన్ చేసి, పోలిక చెల్లదు, మళ్లీ చేయాలి అని చెప్పాను. ఆయన ఊరుకుంటారా?

"సర్పంచ్ గారు మీ దగ్గరికొచ్చిన సంగతి నాకు తెలుసండీ మేడమ్. మీకు నచ్చని జవాబొచ్చిందని పరీక్షనే కొట్టేస్తున్నారా?"

ఆ మాట గుచ్చుకుంది. గట్టిగా ఏదో అనబోయి ఆగాను, ఎందుకంటే అందులో ఎంతో కొంత నిజం ఉందేమోనని అనుమానం. నేను చూపించగలిగింది పాత పోలిక తప్పని మాత్రమే. ఉప్పు బోరు నీళ్లు మంచివని కాదు. సరిగ్గా చేసినా కాలువ నీళ్లే గెలవచ్చు. అప్పుడు నేను నోరు మూసుకుని సంతకం పెట్టాలి.

అందుకని ఆయనకే ఒక మాట చెప్పాను. మైనం విప్పని కోర్ ఒక్క ముక్క మిగిలి ఉంది. మోటారు ఆటోనగర్‌లో బాగుచేయిస్తున్నాం. ప్లగ్గులన్నీ మా మిషను మీదే పొడిగా తొలుస్తాం. ఏ ప్లగ్గు ఏ నీళ్లలోకి వెళ్లాలో చీటీలు వేసి మీరే తీయండి. సీసాల మీద అంకెలే ఉంటాయి, ఏది ఏ నీరో మీ దగ్గర సీలు వేసిన కవర్లో ఉంచుకోండి. గీత చూసేవాళ్లకి గానీ నాకు గానీ తెలియక్కర్లేదు. కాలువలు కట్టేసేలోపు తేల్చేస్తాం, అన్నాను. ఆయన స్వయంగా వస్తానన్నారు. వచ్చారు కూడా.

మూడు రకాల నీళ్లు పెట్టాం: కాలువ నీరు, ఆ ఊరి ఉప్పు బోరు నీరు, రాయిలోని పాత నీటికి సమానంగా మేము కలిపి చేసిన చిక్కటి ఉప్పు నీరు. సీసాలు బీరువాలో ఒకే వేడిమి దగ్గర ఉంచి తలుపు వేశాం.

ఆ తర్వాతి వారాలు నాకు బాగా గడవలేదని ఒప్పుకోవాలి. రోజూ డేవిడ్ రాజు గారు గీతలు చూసి రాసేవారు, నేను ఆ బీరువా వైపు వెళ్లేదాన్ని కాదు. వెళ్తే కళ్లు ఆశపడతాయి. ఆశపడ్డ కంటికి సగం గీత ఒక గీతలా కనపడుతుంది. అన్నం తింటూ కూడా ఆ సీసాలే తలపుకు వచ్చేవి. నిజంగా భయపడ్డాను. ఉద్యోగంలో కొలత గురించి భయపడటం నాకది కొత్త.

ఒక సీసా సంగతి మాత్రం, డేవిడ్ రాజు గారు రాసింది చూస్తే కవరు విప్పకుండానే తెలిసిపోయింది. మొదటి వారంలో అన్నిటికన్నా గబగబా నూనె వదిలిన సీసా అది. ఆ తర్వాత అందులో రాయి రేకులు రేకులుగా విడిపోయి, నీరు మజ్జిగలా తెల్లబడి, నూనె ఆగిపోయింది. దాని పక్కది మొదట్లో మందకొడిగా ఉండి, నిలకడగా పెరుగుతూ దాన్ని దాటిపోయింది. ఇంకొకటి మొదటినుంచీ బద్ధకమే.

కవరు విప్పే రోజున శేషగిరిరావు గారు కళ్లజోడు పెట్టుకుని, మెడల మీది గీతలు ఒక్కొక్కటే తనే చదివారు. మళ్లీ చదివారు. తర్వాత కవరు చించారు. రేకులు విడిపోయింది కాలువ నీటిది. పాత పరీక్షలోనూ అది అలాగే ఆగిపోయి ఉంటుంది, తడిసి చెడిన ప్లగ్గుల పక్కన గెలిచినట్టు కనపడింది. బద్ధకస్తుడు చిక్కటి ఉప్పు నీరు. దాటిపోయింది ఊరి ఉప్పు బోరు. పాత నీటికన్నా పలుచన కాబట్టి రాయి దాన్ని పీల్చుకుంది, బంకమన్ను కట్టు తప్పనంత ఉప్పూ అందులో ఉంది.

"ఇంకేముందండీ," అన్నారాయన కళ్లజోడు తీస్తూ. "పెచ్చు కట్టకుండా మందేదో మీరే చెప్పండి. నాలుగు బోర్లు వేయిస్తాను."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. డేవిడ్ రాజు గారు చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ, "దేవుడికి స్తోత్రం," అని మెల్లగా అన్నారు. ఆ పూట ముగ్గురం కలిసి క్యాంటీన్‌లో భోజనం చేశాం. గోంగూర పచ్చడి అంత రుచిగా ఉండటం నేనెరగను.

రత్నకుమారి గారికి నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పాక, "అయితే ఇంజన్లు రావాండీ?" అని అడిగారు. రావన్నాను. "సరేనండీ, ఉంటా. కాలవ కాడ లస్కరుకి ఫోన్ చెయ్యాల. తూము తియ్యమని చెప్పాల," అని పెట్టేశారు. కృతజ్ఞతలు చెప్పే తీరిక లేని మనిషి. ఆ ఏడు చెరువు కట్ట అంచు దాకా నిండిందని తర్వాత తెలిసింది. ఫ్రాక్ జాబ్ బోరు నీళ్లతోనే జరిగింది. షేల్ బావులన్నీ ఇచ్చినట్టే అదీ మొదట బాగా ఇచ్చి, తర్వాత తగ్గుతూ వచ్చింది.

కవరు విప్పిన రోజు భోజనమయ్యాక శేషగిరిరావు గారు జీపు ఎక్కబోతూ ఆగి ఒక ప్రశ్న అడిగారు. ఎగతాళికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగారు. "ఒక మాట చెప్పండి మేడమ్. మొదటి రిపోర్టులోనే బోరు నీళ్లు గెలిచాయని ఉంటే, మీరు ఆ ప్లగ్గులు బయటికి తీయించి చూసేవాళ్లేనా?"

నవ్వి ఊరుకున్నాను. ఆయన కూడా రెట్టించలేదు.

మిగిలిన సర్వీసులో నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నాకు నచ్చని ఫలితం వస్తే నేనే తరచి చూసేదాన్ని, దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. నచ్చిన ఫలితం వస్తే మాత్రం, అది ఎవరికి నచ్చదో కనుక్కుని, వాళ్లనే పిలిచి సీసాలు వాళ్ల చేతికిచ్చేదాన్ని. దీనివల్ల కొన్ని నివేదికలు ఆలస్యమయ్యాయి, కొన్ని తిరగబడ్డాయి. రాతిలో తప్పు వెతకడానికి భూతద్దం చాలు. వెతకాలన్న బుద్ధి పుట్టడానికే, జవాబు నచ్చనివాడు ఒకడు పక్కన ఉండాలి.

శేషగిరిరావు గారి ప్రశ్నకు జవాబు కూడా చెప్పేస్తాను. చూసేదాన్ని కాదు. ఆ పూటే సంతకం పెట్టి, సర్పంచ్ గారికి శుభవార్త చెప్పేదాన్ని.